ఉన్ని పరీక్ష

గద్వాలలో చలి డిసెంబరులో వస్తుంది. తెల్లవారుజామున రెండు గంటలు ఉండి, ఎండ రాగానే పోతుంది. ఆ రెండు గంటల కోసం ఊరంతా స్వెట్టర్లు కొంటుంది. మిగిలిన పది నెలలు వాటిని బీరువాలో నాఫ్తలీన్ గోళీల మధ్య పడుకోబెట్టి, పిల్లల చేతులు పొడవయ్యాక పనిమనిషి చేతిలో పెట్టి పుణ్యం చేశామనుకుంటుంది. ఇలాంటి ఊరికి హైదరాబాదు నుంచి ఒకావిడ వచ్చి, పాత ఉన్ని స్వెట్టర్లతో ఇంట్లోకి పనికొచ్చే సామాను చెయ్యడం ఆడవాళ్ళకు నేర్పిస్తానన్నది. బోడిగుండుకూ మోకాలికీ ముడి వెయ్యడమంటే ఇదేనని నేను మొదటి రోజే అన్నాను. అందరికీ వినబడేట్టే అన్నాను.

నన్ను పిలిచింది మహిళా సంఘం అధ్యక్షురాలు. మా వీధిలోనే ఉంటుంది. ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో కుట్టు నేర్పి రిటైరైనదాన్ని కాబట్టి, సూది దగ్గరా కత్తెర దగ్గరా తోడుంటానని పిలిచింది. ఇంకో కారణం కూడా ఉంది. నేను గొర్రెలవాళ్ళ బిడ్డను. మా పుట్టిల్లు బిజినేపల్లి పక్కన ఒక పల్లె. మా నాయన గొర్రెలు కాసేవాడు, ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించేవాడు. మా అమ్మ దాన్ని వడికేది. ఉన్ని గురించి నాకు చెప్పగలిగినవాళ్ళు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు ఊళ్ళలోనూ ఎవరూ లేరని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను దాచుకునేదాన్ని కాదు.

వచ్చిన ట్రైనర్ చెవులకు కొయ్య రింగులు, భుజానికి గోనెపట్టాతో కుట్టిన సంచి. మా ఊళ్ళో గోనెపట్టాను పత్తిగింజలు నింపడానికి వాడతారు, ఆవిడ ఫోను పెట్టుకోవడానికి వాడుతున్నది. పాత బట్టను ఇంకో వస్తువుగా మార్చడాన్ని అప్‌సైక్లింగ్ అంటారని చెప్పి, ఆ మాటను మా చేత మూడుసార్లు పలికించింది. మా అమ్మలు చీర చిరిగితే బొంత కుట్టేవాళ్ళు. బొంత చిరిగితే గిన్నెలు దించే మసిగుడ్డ చేసేవాళ్ళు. మసిగుడ్డ కూడా చిరిగితే అది అలుకు గుడ్డ అయ్యేది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, చివర్లో సర్టిఫికెటూ ఇవ్వలేదు.

పని మాత్రం సులువైనదే. నిజమైన ఉన్ని స్వెట్టరును మసిలే నీళ్ళలో వేసి, సబ్బు కలిపి, కర్రతో బాగా కుమ్మితే అది ముడుచుకుని దట్టమవుతుంది. అల్లికలో ఉన్న సందులన్నీ మూసుకుపోతాయి. ఆరాక కత్తెరతో ఎటు కోసినా దారం లేవదు. దాన్ని ఫెల్ట్ అంటారు. ఆ ముక్కలతో గ్లాసు కింద పెట్టే బిళ్ళలు, వేడి గిన్నె పట్టుకునే గుడ్డలు, సూదులు గుచ్చుకునే మెత్తలు, టీ కెటిలుకు టోపీ చెయ్యవచ్చు. కెటిలుకు టోపీ అన్నప్పుడు నేను నవ్వు ఆపుకోలేదు. మా దగ్గర టీ పొయ్యి మీది నుంచి కప్పులోకి, కప్పులో నుంచి గొంతులోకి పోతుంది. నడుమ టోపీ పెట్టుకుని కూర్చునే తీరిక దానికీ లేదు, మాకూ లేదు. గ్లాసు కింద బిళ్ళ ఎందుకని ఒకామె అడిగితే, టేబుల్ పాడు కాకుండా అని ట్రైనర్ చెప్పింది. అక్కడ కూర్చున్న ఇరవైమందిలో నలుగురి ఇళ్ళలో టేబుల్ ఉందేమో.

అసలు తిరకాసు ఇంకోటి ఉంది. మా దగ్గర రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే స్వెట్టర్లన్నీ అక్రిలిక్ దారంవి. సంఘం ఆడవాళ్ళు దాన్ని ప్లాస్టిక్ అన్నారు, అదే సరైన మాట. ప్లాస్టిక్ స్వెట్టరును పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉడకబెట్టినా ముడుచుకోదు. ఏది ఉన్నో ఏది ప్లాస్టిక్కో తేల్చడానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. ముందు అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలుపుతాను. సగం అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఒక దారం లాగి అగ్గిపుల్ల అంటిస్తాను. ఉన్నైతే వెంట్రుక కాలిన కంపు కొట్టి బూడిదై రాలుతుంది. ప్లాస్టిక్కైతే కరిగి నల్ల పూస కడుతుంది. ఈ విద్య మా నాయన దగ్గర నేర్చుకున్నానని అందరితో చెప్పాను. మా నాయన జన్మలో ప్లాస్టిక్ దారం చూసి ఎరగడు. నేను బడిలో ఉన్నప్పుడు ఏదో ట్రైనింగులో నేర్చుకున్నాను.

పాత స్వెట్టర్లు పోగు చెయ్యడానికి జీపులో మూడు ఊళ్ళూ తిరిగాం. గద్వాలలో చీరల వ్యాపారుల ఇళ్ళలో ఆడవాళ్ళు లోపల నుంచి మూటలు తెచ్చి గడపలో పడేసి, వీటితో ఏం చేస్తారని కూడా అడగలేదు. చెత్త పోతుందంటే అడగడం ఎందుకు. వనపర్తిలో ఒక రిటైరైన లెక్చరర్ గారు మాత్రం ఒకే ఒక స్వెట్టరు పట్టుకుని, దాన్ని అప్పగించే ముందు పావుగంట ఉపన్యాసం ఇచ్చారు.

"ఇది ప్యూర్ కాశ్మీర్ ఉన్ని మేడం. మా అల్లుడు అక్కడికి పోయి తెచ్చిండు."

"అల్లుడు తెచ్చినా అగ్గిపుల్ల తప్పదు సార్," అని దారం లాగి అంటించాను. నల్ల పూస కట్టింది. అది చల్లారాక ఆయన అరచేతిలో పెట్టి, "ఇగోండ్రి మీ కాశ్మీర్," అన్నాను. ఆయన స్వెట్టరు ఇవ్వకుండానే తలుపు వేసుకున్నారు. జీపులో నేను నాగర్‌కర్నూల్ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

నాగర్‌కర్నూల్‌లో సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర ఆకుపచ్చ మిలటరీ స్వెట్టరు దొరికింది. భుజాలకూ మోచేతులకూ గుడ్డ అతుకులు ఉన్నాయి. వేళ్ళ మధ్య పెట్టి చూస్తే మంచి ఉన్ని. కానీ మేం చేసే పని వినగానే ఆయన దాన్ని వెనక్కి లాక్కున్నారు.

"నేను మంచుల తొడుక్కున్నదాన్ని ముక్కలు జేసి గ్లాసుల కింద పెడ్తరా?"

"ఈ ఎండల్ల ఎవరి మీదికి యుద్ధానికి పోతరు సార్, తొడుక్కొని," అన్నాను. ట్రైనర్ నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

మొత్తం జీపు నిండా వచ్చినవాటిలో నిజమైన ఉన్నివి ఏడు తేలాయి. ట్రైనర్‌కు నా మాట మీద నమ్మకం కుదరలేదు. లోపల కుట్టిన పట్టీల మీద ఉన్ని అని రాసి ఉంది కదా అన్నది. పట్టీ మీద రాసేవాడు రాస్తాడు, చదివేవాళ్ళకు బుద్ధుండాలి. ఆవిడ నా ఏడింటితో పాటు పట్టీ ఉన్నవాటినన్నిటినీ కలిపి గుండిగలో వేసి మసలబెట్టించింది. నేను చెప్పిన ఏడూ ముడుచుకున్నాయి. మిగిలినవి ఎలా లోపలికి పోయాయో అలాగే బయటికి వచ్చాయి, కాకపోతే మురికి వదిలింది. ఇరవైమంది ఆడవాళ్ళు నవ్వారు. ట్రైనర్ కూడా నవ్వి, ఇక నుంచి మేడం చూశాకే గుండిగలో వేద్దాం అన్నది.

ఆ రోజు నుంచి నా వైభోగం చెప్పనలవి కాదు. ఆడవాళ్ళు ఇళ్ళలో ఉన్న స్వెట్టర్లు తెచ్చి నా కుర్చీ ముందు వరుసగా నిలబడేవాళ్ళు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని నలిపి, వాసన చూసి, దారం లాగి, కాల్చి తీర్పు చెప్పేదాన్ని. చంటిపిల్ల కక్కిన మరక ఉన్నదాన్ని కూడా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు గొర్రె వాసన అని జరిగి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు అదే వాసన గుర్తుపడతానని ఆడవాళ్ళు నా ముందు నిలబడుతున్నారు. బాగానే ఉండేది, అబద్ధం చెప్పను.

ఆ ఇరవైమందిలో ఒకామె వడ్డేపల్లి నుంచి వచ్చేది. మొదటి బస్సుకు వచ్చి, తలుపు పక్కన చివర్లో కూర్చునేది. వయసు ముప్పై అయిదు దాటదు. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి పోయే మనిషి. మొగ్గ విప్పి, లోపలి పుప్పొడి తిత్తులను గోటితో తీసి, ఇంకో పువ్వు పుప్పొడిని దానికి రాసే పని అది. రోజంతా వేలకు వేలు మొగ్గలు విప్పిన వేళ్ళు కాబట్టి సూది పట్టుకున్న రోజే కుట్టు నేర్చుకుంది. సూదులు గుచ్చే మెత్త అందరికంటే ముందు ఆమెదే పూర్తయింది. నేను దాన్ని తిప్పి చూసి, "పర్వాలేదు," అన్నాను. బడిలో కూడా నేను అంతకంటే ఎక్కువ ఎవరినీ మెచ్చుకోలేదు.

ఆమె భర్త ఉత్తరాన మంచు కొండల్లో సొరంగం పనికి పోతాడు. పాలమూరు కూలీలు పోని చోటంటూ లేదు, దేశంలో ఎక్కడ కొండ తొలిచినా అక్కడ మనవాడొకడు ఉంటాడు. క్రిస్మస్‌కని ఇంటికి వచ్చాడు, పండుగైంది, కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీ పిలిస్తే మళ్ళీ పోవాలి. ఈ సంగతులన్నీ ఆమె నాకు చెప్పింది టీ వేళప్పుడు, నా కుర్చీ ముందు నిలబడి.

"టీచరమ్మా, జర ఒకటి అడగాల్నమ్మా."

"అడుగు."

"మా ఆయనది స్వెట్టర్ ఉంది. సిమెంటు వట్టి అట్టలు గట్టింది. సల్లనీళ్ళల్ల ఎన్నిసార్లు ఉతికినా పోతలేదు. ఇంగ పది దినాలైతే గదే ఏసుకొని పోవాలె. ప్లాస్టిక్‌దైతే ఉడుకునీళ్ళల్ల ఏస్త. ఉన్నిదైతే ఎయ్య. మీరు జూసి చెప్పుండ్రి."

పాఠం అంతమందిలో ఆమెకే సరిగ్గా ఒంటబట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు అనిపించింది టీ చల్లారిపోతున్నదని. ఆమె ప్లాస్టిక్ కవర్లో నుంచి స్వెట్టరు తీసి, రెండు చేతులతో భుజాలు పట్టుకుని నాకు కనబడేట్టు విప్పింది. బూడిద రంగు. ముందంతా తెల్లటి సిమెంటు అట్టలు. మోచేతుల దగ్గర బొచ్చు లేచి ఉండలు కట్టింది. నేను కూర్చున్నచోటి నుంచే చూశాను.

"మీకు ఉన్ని యాడికెళ్ళి వస్తదే," అన్నాను. "ప్లాస్టిక్‌దే. మంచిగ మసలబెట్టి ఉతుకు."

ఆమె కదల్లేదు. "అగ్గిపుల్లతోని జూడరా అమ్మా?"

"దీనికెందుకు, అగ్గిపుల్ల దండుగ."

పక్కనున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వి, స్వెట్టరు మడిచి కవర్లో పెట్టుకుంది. నేను టీ తాగాను.

రెండు రోజులు ఆమె రాలేదు. మూడో రోజు వచ్చింది, చేతిలో అదే కవరు. తరగతి మొదలవక ముందే నా దగ్గరికి వచ్చి అది విప్పబోయింది. ఇంతలో ట్రైనర్ చూసి చెయ్యి చాచి తీసుకుంది. కవర్లో నుంచి ఎనిమిదేళ్ళ పిల్లవాడికి సరిపోయే స్వెట్టరు బయటికి వచ్చింది. దళసరిగా, తేటగా, ఒక్క సందు లేకుండా. సిమెంటు మరకలు మాత్రం పోయాయి.

"ఇదీ ఫెల్ట్ అంటే," అన్నది ట్రైనర్. "పది రోజుల నుంచి నేను చెబుతున్నది దీని గురించే. ఎవరు చేశారు ఇది?"

"నేనే మేడం. టీచరమ్మ మసలబెట్టుమన్నది."

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొందరు నా వైపు చూసి కూడా కొట్టారు. ట్రైనర్ దాన్ని టేబుల్ మీద పరిచి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసింది. తర్వాత సుద్దముక్క తీసుకుని దాని మీద గ్లాసు బోర్లించి గుండ్రాలు గీయడం మొదలుపెట్టింది. చేతుల్లో నుంచి ఇన్ని వస్తాయి, వీపులో నుంచి ఇన్ని వస్తాయి అని అందరికీ వివరిస్తూ కత్తెర అందుకుంది.

"కొయ్యొద్దు మేడం," అన్నది ఆమె. "గది మా ఆయనది." అని స్వెట్టరు టేబుల్ మీది నుంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఇది మళ్ళ సాగుతదా టీచరమ్మా?"

చేతిలో పడగానే తెలిసింది. నలపనక్కర్లేదు, కాల్చనక్కర్లేదు. బూడిద రంగు అనుకున్నాను కదా, అది రంగు వేసింది కాదు, గొర్రె మీద ఉన్న రంగే. నల్ల బొచ్చూ తెల్ల బొచ్చూ కలిపి వడికితే వచ్చే రంగు. మా అమ్మ జీవితమంతా వడికిన రంగు. మిల్లు దారం కూడా కాదు, చేత్తో వడికినదే, ఒకచోట లావు ఒకచోట సన్నం. ఇది తెలుసుకోవడానికి ట్రైనింగులు అక్కర్లేదు. నేను ఆమె భర్తను ఊహించుకున్నాను, వడ్డేపల్లి కూలివాడు, రోడ్డు పక్క కుప్పలో ఏరుకుని ఉంటాడనుకున్నాను, ఆ ఊహకు సరిపోయే మాట చెప్పాను. మొహం చూసి బొట్టు పెట్టానన్నమాట.

ఆమె చెప్పింది. మొదటి ఏడాది చలికి తట్టుకోలేక ఆయన జ్వరం పడ్డాడట. ఆయనా ఇంకో ముగ్గురూ కలిసి ఉన్న గది ఒక ముసలామె ఇంట్లోది. ఆమె తన గొర్రెల ఉన్నితోనే అల్లి ఇచ్చిందట. ఈయన ఆమెకు కట్టెలు మోసి పెట్టేవాడట. సొరంగంలోపల ఉక్కపోస్తుంది, బయటికి వస్తే మంచు, చెమట మీద గాలి కొడుతుంది. అది తొడుక్కున్నప్పటి నుంచి మళ్ళీ జ్వరం రాలేదని ఆయన అంటాడట.

"మరి రెండు దినాలు రాలేదేంది," అన్నాను.

"సాగదీస్తుంటిమి టీచరమ్మా, ఇద్దరం. ఆయన ఒక దిక్కు, నేనొక దిక్కు పట్టి."

సిగ్గేసింది. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది, అది నా అలవాటు. ట్రైనర్ మీద, ఆవిడ టోపీల మీద, చప్పట్లు కొట్టినవాళ్ళ మీద వచ్చింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది, మందు వేసింది నేను. మురికిలో ఎవరికి కనబడుతుంది, సిమెంటు పట్టి ఉంటే ఎవరు చెప్పగలరు అని నాకు నేను చెప్పుకున్నాను. "నాకియ్యి, నేను జేసి ఇస్త," అని ఇంటికి పట్టుకొచ్చాను.

గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం పోసి నానబెట్టాను. మంచం మీద పరిచి నాలుగు వైపులా తాళ్ళు కట్టి లాగాను. మా ఆయన వచ్చి చూసి, "గొర్రెను మంచానికి కట్టేసినవేంది," అన్నాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినా మగవాడికి ఏ మాట ఎప్పుడు అనాలో తెలియదు. రెండు రోజులు తడుపుతూ లాగుతూ ఉంటే, ఎనిమిదేళ్ళ పిల్లవాడి స్వెట్టరు పదేళ్ళ పిల్లవాడి స్వెట్టరు అయింది. ఒకసారి ముద్దైపోయిన ఉన్ని మళ్ళీ విడిపోదు. అది కూడా నాకు తెలిసిన సంగతే. తెలిసీ లాగాను.

ఇక దుకాణాల మీద పడ్డాను. గద్వాలలో ఎన్ని బట్టల దుకాణాలుంటే అన్నీ ఎక్కాను. వనపర్తికి పోయాను. దారం లాగి అగ్గిపుల్ల గీయబోతే ఒక దుకాణం వాడు, "అమ్మా, కొనేటట్టుంటే కొను, కాలవెట్టేటట్టుంటే ఇంటికి వో," అన్నాడు. చలికాలానికి ప్రత్యేకం అని బోర్డులు కట్టిన దుకాణాలు, లోపల పెట్టెలకు పెట్టెలు ప్లాస్టిక్. లక్షలకు పట్టుచీరలు అమ్మే జనం ఒక్క మనిషికి చలి ఆపే గుడ్డ అమ్మలేరు. రెండో రోజు మధ్యాహ్నానికి నా వేళ్ళన్నీ కాలిన ప్లాస్టిక్ కంపు. అప్పుడు నాకు మిగిలిన దారి ఒకటే. ఆ దారిన పోవడం కంటే నాలుక కోసుకోవడం నయమనిపించింది. అయినా నాగర్‌కర్నూల్ బస్సెక్కాను.

మిలటరీ పెద్దాయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆకుపచ్చ స్వెట్టరు వేసుకునే ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు.

"యుద్ధం ఇంక మొదలు గాలేదమ్మా," అన్నారు.

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆయన అనలేదు. ఆ స్వెట్టరు కావాలని అడిగాను. ముక్కలు చెయ్యడానికి కాదని చెప్పాను. ఎందుకో చెప్పమన్నారు. ఒకరికి అవసరముందని అన్నాను. ఆ ఒకరు ఎవరు, అవసరం ఎందుకొచ్చింది అని అడిగారు. మూడు ఊళ్ళలో ఎవరి ముందూ తల వంచనిదాన్ని, ఆ అరుగు ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. సరిగ్గా చూడకుండా మసలబెట్టమన్నానని చెప్పాను. ఆయన స్వెట్టరు తలమీది నుంచి విప్పి, మడిచి, నా చేతిలో పెట్టారు. లోపల వేసుకున్న బనీను చిరిగి ఉంది. "మంచుల పనిజేసెటోనికి అయితే తీస్కపో," అన్నారు.

మర్నాడు పొద్దున్నే వడ్డేపల్లి బస్సెక్కాను. ఆయన వెళ్ళడానికి ఇంకా రెండు రోజులుంది. ఒళ్ళో స్వెట్టరు పెట్టుకుని, దారి పొడుగునా ఆమెకు ఏం చెప్పాలో సరిచూసుకున్నాను. నేను చేసినంత పని ఎవరూ చెయ్యరని కూడా అనుకున్నాను. ఆ మాట రాయకుండా దాటెయ్యవచ్చు, కానీ నిజం అదే. సగం దారిలో నా మీద నాకు మళ్ళీ గౌరవం కలిగింది.

బస్టాండు నుంచి అడుగుతూ అడుగుతూ పోతే, ఊరి చివర చర్చి వెనక వాడలో ఇల్లు. రెండు గదులు, ముందు రేకుల పందిరి. ఆమె పందిరి కింద కూర్చుని కందిపప్పు చెరుగుతున్నది. నన్ను చూసి లేచి, లోపల నుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"మీ ఆయన లేడా?" అన్నాను.

"నిన్ననే పోయిండమ్మా. మేస్త్రీ ఫోన్ జేసి, మూడు దినాలు ముందుగాల్నే రమ్మన్నడు. రాత్రి గద్వాలల రైలెక్కిచ్చి వచ్చిన."

"మరి చలికి?"

"మూడు అంగీలు ఒకదాని మీద ఒకటి తొడిగిచ్చిన. ఇంగ ఏమున్నది జెయ్యనీకి."

సంచిలో నుంచి మిలటరీ స్వెట్టరు తీశాను. ఆమె చేతులు తుడుచుకుని దాన్ని అందుకుంది. మొగ్గ విప్పే వేళ్ళతో అంచు పట్టుకుని మెల్లగా నలిపింది. లోపలి వైపు కూడా అరచేత్తో తడిమి చూసింది.

"ఇది మంచి ఉన్ని టీచరమ్మా."

"అడ్రసు ఉంటే చెప్పు, పార్సిల్ జేద్దాం."

"ఏ కొండ మీద ఏస్తరో ఇంక తెల్వదమ్మా. ఫోన్ జేసినంక చెప్త."

స్వెట్టరును మడిచి, పప్పు చేట పక్కన కాకుండా, లోపలికి తీసుకుపోయి పెట్టి వచ్చింది. మళ్ళీ వచ్చి నేల మీద కూర్చుంది. అప్పుడన్నాను, వచ్చిన పని అదే కాబట్టి.

"తప్పు నాదే. ఆ దినం నేను సక్కగ చూడలే."

ఆమె చేట ఒళ్ళోకి తీసుకుంది. పప్పులో ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

"చూసిన్రు టీచరమ్మా," అన్నది. "ముట్టలే. అందరియి చేతులకు తీసుకొని చూసిన్రు. మాది ముట్టలే."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు జవాబు చెప్పడం వచ్చేది.